గేరి నుంచి ఊరికి

పదిమందిలో పాము చావదంటారు. ఊరి పనుల తీరు చూస్తే, ఈ సామెత కట్టినవాళ్లు ఏ పంచాయతీ కట్ట మీదో కూర్చుని అంతా చూసి చెప్పినట్టే ఉంటుంది. కర్ర అందరి చేతిలోనూ ఉంది, కొట్టేవాడు పక్కవాడని ప్రతివాడూ అనుకుంటాడు. ఊరు బాగుపడాలని కోరుకోనివాళ్లు ఊళ్లో ఉండరు. వీధి కొళాయి దగ్గర బురద తియ్యడానికి పార పట్టేవాళ్లే దొరకరు. దీన్ని సోమరితనమని కొట్టిపారేస్తే ఈ అధ్యాయం ఇక్కడితో అయిపోతుంది. నా లెక్కలో ఇది కొలతలో వచ్చిన చిక్కు. ఊరు మరీ పెద్దది, ఇల్లు మరీ చిన్నది. ఈ రెంటికీ నడుమ గేరి ఉంది. దాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం మానేశాం.

గేరి అంటే ముప్పై నలభై ఇళ్లు. పొద్దున ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పక్కింటికి తెలిసే దూరం. ఎవరి పిల్లవాడు బడి ఎగ్గొట్టి గట్ల వెంబడి తిరుగుతున్నాడో పొద్దు గూకేలోగా వాళ్ల అవ్వ చెవిన పడే దూరం. ఇక్కడ మనిషికి పేరుంది, వరస ఉంది. మాటిచ్చి తప్పినవాడు రేపు అదే కట్ట మీద అదే మనుషులకు ఎదురుపడాలి. ఏ పనికైనా మొదట కావలసింది ఈ ఎదురుపడడమే, డబ్బు ఆ తర్వాత.

చంద్రబండను ఎందుకు తీసుకున్నానంటే

రాయచూరు తాలూకాలో చంద్రబండ ఒక హోబళి కేంద్రం, హోబళి అంటే తాలూకా కింది రెవెన్యూ విభాగం. కృష్ణా తుంగభద్రల నడుమ నేల. గద్వాల వైపు తెలంగాణ సరిహద్దు దగ్గరే. 1956 నవంబరు 1కి ముందు ఈ జిల్లా అంతా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజున గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, మిగతా రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రం, పిల్లను తెచ్చుకున్న ఊరు ఇంకో రాష్ట్రం అయ్యాయి. ఈ సరిహద్దు ఊళ్లలో చాలా ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు, పిల్లలు బడిలో కన్నడ చదువుతారు, సంతలో రెండూ నడుస్తాయి, మధ్యలో కాస్త ఉర్దూ. ఆఫీసు కాగితం మాత్రం కన్నడలో వస్తుంది, కన్నడలోనే పోవాలి.

వానలు మొండికేసిన ఏడాది గేరిలో తాళాలు పడతాయి. రాయచూరు వైపు దీన్ని గుళే పోవడమంటారు, ఆదోని, కోసిగి వైపు సుగ్గికి పోయినారంటారు. వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు, హైదరాబాదు పనులకు బండెక్కితే, ఇంటి దగ్గర ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. అలాంటి నెలల్లో ఊరి సభ పెడితే ఎవరొస్తారు?

డబ్బు లేదా అంటే ఉంది. 2012లో జరిగిన రాజ్యాంగ సవరణతో 371(జె) అధికరణం వచ్చింది. అప్పటి హైదరాబాదు కర్ణాటకకు, అంటే 2019 నుంచి కల్యాణ కర్ణాటక అంటున్న ఈ జిల్లాలకు, ఒక ప్రత్యేక అభివృద్ధి బోర్డు ఏర్పడింది. నిధి బోర్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి ఫలానా గేరి దాకా రావాలంటే, ఆ గేరికి ఏం కావాలో ఎవరో ఒకరు సూటిగా చెప్పగలగాలి. 'మా ఊరికి అభివృద్ధి కావాలి' అన్న అర్జీకి ఏ ఇంజినీరూ ఎస్టిమేటు వెయ్యలేడు. 'ఫలానా ఇంటి మూల నుంచి ఫలానా ఇంటి దాకా కాలువకు పల్లం తిరగబడి ఉంది' అంటే వేస్తాడు.

పైనుంచి వచ్చినవి, పక్కింటి నుంచి వచ్చినవి

1952 అక్టోబరు 2న దేశమంతటా 55 ప్రాజెక్టులతో సముదాయాభివృద్ధి పథకం మొదలైంది. ఒక్కో బ్లాకు కింద దాదాపు వంద ఊళ్లు, వాటికి జీపుతో ఒక అధికారి. ఐదేళ్లయ్యాక, 1957లో, బల్వంతరాయ్ మెహతా కమిటీ చూస్తే పథకం నడుస్తోంది గానీ జనం అందులో లేరు. మందు పంచాయతీరాజ్ అన్నారు. మన వైపు 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ వచ్చి దాన్ని ప్రారంభించారు. వంద ఊళ్ల నుంచి ఒక ఊరి దాకా దిగారు, మంచిదే. గేరి దాకా మాత్రం దిగలేదు.

ఆ చివరి మెట్టు మొదట దిగింది పల్లె కాదు, పట్నం. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ కింద పట్టణ సముదాయాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. కార్యకర్తలు బస్తీల్లో తిరిగి, ముందు అక్కడివాళ్లకు ఏం కావాలో విన్నారు. బస్తీ వాళ్లే మహిళా మండళ్లు, యువజన సంఘాలు పెట్టుకున్నారు, పసిపిల్లలకు బాల్వాడీలు నడిపారు, తర్వాత పట్టాలు, బ్యాంకు అప్పులతో ఇళ్లు కట్టుకునే దాకా పోయారు. యూనిసెఫ్ కూడా తోడై, ఈ పద్ధతిని వేరే నగరాలకు ఉదాహరణగా చూపించింది. కేరళ ఇదే లెక్కను రాష్ట్రమంతా పరిచింది. 1998 మే 17న మలప్పురంలో వాజపేయి ప్రారంభించిన కుటుంబశ్రీలో అడుగున ఉన్నది పొరుగింటి కూటమే. పదీ ఇరవై ఇళ్ల ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటారు, వాటి పైన వార్డు, ఆ పైన పంచాయతీ. ఇప్పుడు అలాంటి కూటములు మూడు లక్షల పైచిలుకు.

మన నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మరీ విచిత్రం. అక్కడ ఎవరూ ఉద్యమం చేద్దామని కూర్చోలేదు. అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడికి రోజూ అవే ఆడవాళ్లు, అదే దీపం దగ్గర కలిశారు. పాఠంలో సారా కథ వచ్చింది, అది మన కథే కదా అన్నారు. 1992లో సారా దుకాణాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు, వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం. అక్షరాలు నేర్చుకోవడానికి కలిసినవాళ్లు అలవాటుగా కలుస్తూ ఉండబట్టే కోపం వచ్చిన రోజున వెతుక్కోనక్కర లేకపోయింది. మీ గేరిలో ఇంకా ఏ గొడవా లేకపోయినా వారానికోసారి కలవమని నేను పోరు పెట్టేది ఇందుకే.

కాలువ చివరి ఊళ్లు చెప్పేది

ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం తుంగభద్రకు అవతల గట్టు నుంచి వచ్చింది. రాబర్ట్ వేడ్ అనే ఆర్థికవేత్త కర్నూలు జిల్లాలో కాలువ కింద సాగుచేసుకునే ఊళ్లు తిరిగి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం వేశాడు. అదే మనుషులు, అవే పంటలు, అదే కాలువ. అయినా కొన్ని ఊళ్లలో రైతులు తమంతట తామే ఒక మండలి పెట్టుకున్నారు, ఊరి పెట్టుబడి ఒకటి కూడబెట్టుకున్నారు, పంటకు కావలివాళ్లను, నీళ్లు పారబెట్టడానికి నీటికట్టు మనుషులను జీతానికి పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో మేపుకోవడానికి గొర్రెల కాపర్లకు హక్కు వేలం వేసి ఆ డబ్బు ఊరి ఖాతాలో వేసుకున్నారు. ప్రభుత్వం ఇందులో వేలు పెట్టలేదు, దానికి సంగతే తెలియదు. పక్క ఊళ్లలో ఇవేవీ లేవు.

తేడా ఎక్కడొచ్చింది? మంచి నాయకుడున్న ఊరనీ, చదువుకున్న ఊరనీ మనం అనుకుంటాం. వేడ్ చూసింది వేరు. ఈ ఏర్పాట్లు ఎక్కువగా కాలువ కింది చివర ఊళ్లలో కనిపించాయి. పైన ఉన్నవాడికి నీళ్లు ఎలాగూ వస్తాయి, వాడికి పక్కవాడితో పని లేదు. కిందనున్నవాడికి నీళ్లు రావాలంటే పదిమంది కలిసి పైకి నడిచి వెళ్లాలి, రాత్రిళ్లు కాపలా కాయాలి. కలవకపోతే పంట పోతుంది. అవసరమే వాళ్ల చేత సంఘం కట్టించింది.

ఇందులో ఒక లోటు కూడా ఉంది, దాచిపెట్టను. ఆ మండళ్లలో పెత్తనం పెద్ద రైతులదే. భూమి లేనివాడికి ఆ గదిలో గొంతు లేదు. కాలువ చివరనున్న ఊరు తన హక్కు కోసం కలిసికట్టుగా నిలబడింది, తన లోపలి చివరను మాత్రం చూసుకోలేదు.

దీన్ని మన మురుగు కాలువకు తెచ్చి చూడండి. మన ఊళ్లలో గేరి అంటే చాలాచోట్ల కులమే. ఊరు కట్టినప్పుడు మిట్ట ఎవరికొచ్చిందో, పల్లం ఎవరికొచ్చిందో అందరికీ తెలిసిందే. మిట్ట మీది ఇళ్ల నీళ్లు పల్లంలో ఇళ్ల ముందు నిలబడతాయి, ఎక్కువచోట్ల అది దళితుల గేరి. పై గేరివాళ్లు ఎంత శుభ్రంగా తమ కాలువ తీసుకుంటే కింది గేరికి అంత తొందరగా చేరుతుంది మురుగు. 'మా గేరి మేం బాగుచేసుకున్నాం' అనే మాటలో ఈ అన్యాయం దాగి ఉంటుంది. ఇరుగుపొరుగు సంఘాల గురించి రాసే పుస్తకాలు దీన్ని దాటేసి పోతాయి, నాకది మింగుడు పడదు.

కాబట్టి మీ ఊళ్లో పని మొదలుపెట్టడానికి ఒకే ఒక్క నియమం: కింది చివర నుంచి మొదలుపెట్టండి. నీళ్లు ఎక్కడ ఆగుతాయో, కొళాయి ధార ఎక్కడ సన్నబడుతుందో, వీధి దీపాల తీగ ఎక్కడ అయిపోతుందో, అంగన్వాడీ ఏ ఇంటి పిల్లకు ఎక్కువ దూరమో అక్కడి నుంచి. కింది చివర బాగుపడాలంటే పైన ఉన్న ప్రతి గేరితోనూ మాట్లాడక తప్పదు. పైనుంచి మొదలుపెడితే ఎవరితోనూ మాట్లాడకుండానే పని అయిపోతుంది, చిక్కల్లా అదే.

నడవండి, ముగ్గు వెయ్యండి

ఒక ఆదివారం పొద్దున, ఎండెక్కకముందు, మీ గేరి నుంచి నలుగురు, కింది గేరి నుంచి నలుగురు కలిసి కాలువ వెంట నడవండి. పంచాయతీ మెంబరును మొదటి రోజే పిలవకండి. ఆయనొస్తే అది తనిఖీ అవుతుంది, అందరూ ఆయన మొహమే చూస్తారు, కాలువను ఎవరూ చూడరు. నడిచేటప్పుడు పరిష్కారాలు మాట్లాడవద్దని ముందే ఒప్పుకోండి. ఎక్కడ ఏముందో చూడడం, ఆ ఇంటివాళ్లను అడగడం, అంతే.

తిరిగొచ్చాక ఏ గుడి ముందో, కట్ట పక్కనో, చదునుగా ఉన్నచోట ముగ్గుపిండితో గేరి పటం వెయ్యండి. ఇది నా కల్పన కాదు. 1980ల చివర కర్ణాటక పల్లెల్లో మైరాడ సంస్థ ఇలాంటి నేల పటాలతోనే పనిచేసింది, రాబర్ట్ ఛాంబర్స్ రాతల ద్వారా ఈ పద్ధతి దేశదేశాలకూ వెళ్లింది. కాగితం మీద గీస్తే కలం పట్టినవాడు గీసిందే పటం. నేల మీద వేస్తే ఆడవాళ్ల చేతికి పని వస్తుంది, ముగ్గు వాళ్ల విద్య. పక్కన నిలబడ్డ ముసలమ్మ 'అక్కడ బాయి ఉండె, పూడ్చినారు' అని కాలితో చెరిపి చూపిస్తుంది. ఇళ్లు, కొళాయిలు, బోరింగు, దీపస్తంభాలు అయ్యాక గింజలతో గుర్తులు పెట్టండి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇంటికి ఒక కందిగింజ, గుళే పోయినవాళ్ల ఇంటికి ఒక పత్తిగింజ, బడి మానేసిన పిల్లలున్న ఇంటికి ఒక మిరపకాయ. అరగంటలో మీకే తెలియని మీ గేరి బయటపడుతుంది. పటాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, చెదిరిపోయినా పర్వాలేదు.

పక్కనే ఇంకో జాబితా రాయించండి. ఎవరికి ఏం వచ్చు? మోటారు బాగుచేసేవాడు, పురుడు పోసిన అనుభవమున్న పెద్దమ్మ, తాపీ మేస్త్రి, బ్యాంకు కాగితాలు తెలిసిన స్వయంసహాయ సంఘం అక్క. జాన్ మెక్‌నైట్, జాన్ క్రెట్జ్‌మన్ 1993లో అమెరికాలో ఇదే మాట మీద పుస్తకం రాశారు: పేద వాడలోకి వెళ్లినవాళ్లు అక్కడ లేనివే లెక్కపెడతారు, ఉన్నవాటితో మొదలుపెట్టరని. సరిహద్దు గేరిలో అందరికంటే విలువైన నైపుణ్యం ఒకటుంది, దాన్ని ఎవరూ జాబితాలో రాయరు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల కన్నడలో తప్పుల్లేకుండా అర్జీ రాయగలదు. నలభై ఏళ్ల నాన్నకు ఆఫీసులో నోరు పెగలకపోవడానికి సగం కారణం భాషే. ఆ పిల్ల పేరు జాబితాలో మొదట రాయండి. చదువు పాడుచెయ్యకుండా, నెలకు ఒకటీ రెండు కాగితాలు చాలు.

మధ్యాహ్నం రెండింటికి తలుపు తట్టేవాళ్లు

పటం మీద కందిగింజలు పెట్టించింది ఊరికే కాదు. రాయచూరు ఎండలు మీకు చెప్పేపని లేదు, వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది. 1995 జులైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాలి వచ్చి 739 మంది దాకా చనిపోయారు. ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త ఆ చావులను వాడ వాడకూ పోల్చి చూశాడు. పక్కపక్కన ఉన్న రెండు వాడలు, రెంటిలోనూ పేదలు, ఒంటరి వృద్ధులు. ఒక దాంట్లో చావులు ఎక్కువ, ఇంకో దాంట్లో చాలా తక్కువ. ఎక్కువ చనిపోయిన వాడలో దుకాణాలు మూతపడి, ఇళ్లు పాడుబడి, ముసలివాళ్లు భయంతో తలుపులేసుకుని ఉన్నారు. తక్కువ చనిపోయిన వాడలో వీధి సందడిగా ఉంది, అంగళ్లున్నాయి, బయటికి అడుగుపెడితే పలకరించేవాళ్లున్నారు.

అంత ఆస్తి ఉన్న దేశంలోనే అలా జరిగితే, పిల్లలు గుళే పోయిన ఇంట్లో ఉన్న అవ్వ సంగతి ఏమిటి? దీనికి పథకం అక్కర లేదు. మార్చి నెలలోనే గేరిలో ఎన్ని కందిగింజల ఇళ్లున్నాయో చూసుకుని, ఒక్కో ఇంటికి ఇద్దరేసి మనుషులను ఒప్పించండి. మధ్యాహ్నం రెండింటికి ఒకరు, రాత్రి పడుకునేముందు ఇంకొకరు తలుపు తడతారు. కుండలో నీళ్లున్నాయా, మాట తడబడుతోందా, ఒళ్లు కాలుతోందా చూస్తారు. తేడాగా ఉంటే ఆశా కార్యకర్తకు ఫోను, నీడకు చేర్చడం, తడిగుడ్డ. గుళే పోయిన కొడుకు ఫోను నంబరు ఆ తలుపు వెనకే రాసిపెట్టాలి. బెంగళూరులో ఇటుకలు మోసేవాడికి రాత్రి ఒక్క ఫోను వస్తే, 'అవ్వ బాగుంది' అనే కబురు అతనికి ఒక రోజు కూలితో సమానం. మరుసటి సభకు ఆ కుటుంబం తప్పకుండా వస్తుంది.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కృష్ణా తుంగభద్రలు పొంగి రాయచూరు, కర్నూలు, ఆలంపూరు, గద్వాల వైపు ఊళ్లను ముంచినప్పుడు కూడా, ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉందో చెప్పగలిగింది పక్కింటివాళ్లే. ఏ రిజిస్టరూ అంత తొందరగా చెప్పలేదు.

ఇప్పటికే ఉన్న సంఘాన్ని వెతకండి

కొత్త కమిటీ పెట్టడానికి తొందరపడకండి. గేరిలో ఇదివరకే పని చేస్తున్న ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. ఈ జిల్లాలో పీర్ల పండుగకు, అదే అలాయికి, కులమూ మతమూ అడక్కుండా గుండం తవ్వేవాళ్లు, కట్టెలు తెచ్చేవాళ్లు, చందా రాసేవాళ్లు ఉంటారు. ముద్గల్ మొహర్రం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రాయచూరు పట్నంలో కారుహుణ్ణిమకు, అంటే ఏరువాక పున్నమికి, మున్నూరు కాపులు ఎడ్ల చేత బండలు లాగించే పండుగ జరుపుతారు. ఇంత పని ఎవరు ఎవరికి అప్పగిస్తారు, లెక్క ఎవరు రాస్తారు, తగువొస్తే ఎవరు తీరుస్తారు? ఆ మనుషులే మీ మనుషులు. వాళ్లను పండుగ నుంచి కాలువ దాకా నడిపించడం కొత్తవాళ్లను కూడగట్టడం కన్నా సులువు. అయితే పండుగ కమిటీలో ఆడవాళ్లు ఉండరు, దానికి డ్వాక్రా తరహా సంఘాలే దిక్కు. కర్ణాటకలో వాటిని స్త్రీశక్తి సంఘాలంటారు. రెంటినీ ఒక చాప మీద కూర్చోబెట్టడమే మీ నేర్పు.

శ్రమదానం గురించి ఒక మాట. రాయచూరు కోటలో 1294 నాటి పొడవాటి రాతి పలక ఉంది, నలభై అడుగులకు పైబడి. కాకతీయుల సేనాని గోరె గన్నయ రెడ్డి కట్టించిన కోట అది. అంత రాయిని దున్నపోతులు కట్టిన బండి మీద లాక్కొచ్చిన తీరు అక్కడే చెక్కారు. అందరూ ఒక చెయ్యి వేస్తే కొండనైనా కదిలించవచ్చని చెప్పడానికి వక్తలు ఈ రాయిని చూపిస్తారు. నాకు మాత్రం ఆ లాగినవాళ్లు ఇష్టంగా లాగారా అన్న అనుమానం పోదు. గేరి శ్రమదానంలో కూడా పేదవాడి ఒళ్లు, పెద్దవాడి పేరు అయితే అది వెట్టే. పని పంచేటప్పుడు రోజు కూలి పోగొట్టుకునేవాడికి సెలవు రోజున పని వెయ్యండి, ఉన్నవాడి నుంచి డబ్బో ట్రాక్టరో తీసుకోండి, పార అందరి చేతికీ ఒక గంటైనా ఇవ్వండి. మురుగు ఎత్తే పని ఎప్పుడూ ఒకే కులం మీద పడుతుంటే ఆ శ్రమదానం ఆపెయ్యండి.

డబ్బు, తప్పు, వెలి

చందా కొంచెమే పెట్టండి, లెక్క మాత్రం గోడ మీద పెట్టండి. సుద్దముక్కతో వచ్చింది, పోయింది, మిగిలింది రాసి ఉంటే అనుమానం పుట్టే అవకాశమే తక్కువ. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

కాలువలో చెత్త వేసినవాడిని ఏం చెయ్యాలి? 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ దేశదేశాల చెరువులు, అడవులు, కాలువల సంఘాలను చూసి ఒక సంగతి పట్టుకున్నారు. ఎక్కువ కాలం నిలిచిన సంఘాల్లో మొదటి తప్పుకు శిక్ష చాలా చిన్నది, మళ్లీ మళ్లీ చేస్తేనే పెరుగుతుంది. నియమం ఎవరి మీద పడుతుందో వాళ్లే దాన్ని పెట్టుకున్నారు. మన దగ్గర దీనికి తలకిందులుగా నడిచిన సందర్భాలున్నాయి. నిజామాబాదు జిల్లాలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు బడులు, గుళ్లు, రోడ్లు బాగుచేసిన మాట నిజమే. వాటిలోనే కొన్ని, ఎదురు తిరిగిన కుటుంబాలకూ కులాలకూ సాంఘిక బహిష్కారం వేసి కేసుల దాకా పోయాయి. అభివృద్ధి పేరుతో పుట్టిన సంఘం చేతికి వెలి అనే ఆయుధం వస్తే అది కొత్త దొరతనమే. మీ గేరి పుస్తకం మొదటి పేజీలో ఇది రాసుకోండి: నీళ్లు, నిప్పు, అంగడి, పలకరింపు ఎవరికీ ఆపకూడదు. తప్పు చేసినవాడు ఒక ఆదివారం కాలువ తియ్యాలి, అంతే.

చట్టంలో మీకున్న చోటు

కర్ణాటకలో సర్పంచి ఉండరు, అధ్యక్షుడో అధ్యక్షురాలో ఉంటారు. సుమారు 400 జనాభాకు ఒక మెంబరు చొప్పున, ఒక్కో వార్డుకు ఇద్దరు ముగ్గురు మెంబర్లు కూడా ఉండొచ్చు. ఇద్దరు ముగ్గురున్నచోట 'ఆయన్ని అడగండి' అనే మాట వినిపిస్తుంది. పాము మళ్లీ తప్పించుకుంటుంది. అందుకే అర్జీ ఒక్కరికి కాకుండా సభకు పెట్టాలి.

1993 నాటి పంచాయతీరాజ్ చట్టాన్ని 2015లో సవరించి, గ్రామ స్వరాజ్ అనే పేరు కలిపారు. ఆ సవరణతో గ్రామసభ, వార్డు సభల కింద జనవసతి సభ అనే మెట్టు వచ్చింది. ఇళ్ల సముదాయం ఒకచోట కూర్చుని తన అవసరాలు చెప్పుకోవడానికి చట్టమే చూపిన చోటు అది. అక్కడ తేలినవి వార్డు సభకు, వార్డు సభ నుంచి గ్రామసభకు పోవాలి. వార్డు సభ ఆరు నెలలకోసారైనా జరగాలి. ఇళ్లు లేనివాళ్లకు ఇళ్ల పథకాల లబ్ధిదారుల ఎంపిక కూడా గ్రామసభలోనే. గేరి వాళ్లు రాకపోతే పేర్లు వేరే చోట తేలిపోతాయి.

ఈ సభలను గుళే కాలంలో పెట్టించవద్దు. వానలకు ముందు, కారుహుణ్ణిమ దగ్గర, మనుషులు ఊళ్లో ఉంటారు. ఆ తేదీ అడుగుతూ నెల ముందే పిడిఓకు, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారికి, అర్జీ పెట్టండి. అర్జీలో అడిగేవి మూడుకు మించకూడదు. ఒక్కోదానికి చోటు, కొలత, ఎన్ని ఇళ్లకు మేలో రాయండి, ముగ్గు పటం ఫొటో జత చెయ్యండి. కన్నడలో ఆ తొమ్మిదో తరగతి పిల్ల చేతే రాయించి, కింది గేరి, పై గేరి రెండింటి సంతకాలు ఒకే కాగితం మీద తీసుకోండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకుని తెచ్చి గేరి పుస్తకంలో అంటించండి.

సభ రోజున ఆ పేజీ తెరిచి మాట్లాడాల్సింది నాయకత్వం చేసిన మీరు కాదు. పల్లంలో, నీళ్లు నిలిచే గడప ముందు ఉండే ఇల్లాలు మాట్లాడాలి. నలుగురి ముందు లేచే అలవాటు ఆవిడకు ఉండదు కాబట్టి, ముందు వారాల్లో గేరి సభలోనే రెండు మూడుసార్లు ఆవిడ చేత చెప్పించండి. చదువు రాకపోతే పిల్ల చదువుతుంది, ఆవిడ పక్కన నిలబడి నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చేత్తో చూపిస్తుంది.